గుట్ట మీద ఆక్సిజన్ ఎక్కువ ఉంటుందా?

ఉండదు. ఈ మాట ముందే చెప్పేసి వివరంలోకి వెళ్దాం. ఆదివారం పొద్దున హైదరాబాద్ నుంచి వచ్చే కార్లు వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట మలుపులు ఎక్కుతుండగానే అద్దాలు దిగుతాయి. ‘‘గట్టిగా పీల్చుకోండి, ఇక్కడంతా ఆక్సిజనే’’ అంటాడు ముందు సీట్లో పెద్దమనిషి. వెనక సీటు వాళ్లు రొమ్ము విరుచుకుని గాలి లాగుతారు. హాయిగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. ఆ హాయికి కారణం మాత్రం వేరు.

గాలిలో ఆక్సిజన్ వాటా నూటికి దాదాపు 21 పాళ్లు. మచిలీపట్నం ఒడ్డున అంతే, చార్మినార్ దగ్గర అంతే, అనంతగిరి అడవిలో అంతే, ఎవరెస్టు కొమ్ము మీదా అంతే. చెట్లు పగటిపూట ఆక్సిజన్ వదులుతాయన్నది నిజమే. కానీ వాతావరణంలో ఇప్పటికే ఉన్న నిల్వ ముందు ఒక అడవి ఒక రోజులో కలిపేది లెక్కలోకి రాదు. కలిపిన కాస్తనూ వీచే గాలి నలుదిక్కులా పంచేస్తుంది. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. వికారాబాద్ దాదాపు 640 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ అది 700కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే గుట్ట మీద ఒక్కో ఊపిరిలో అందే ఆక్సిజన్ సముద్రపు ఒడ్డున కంటే ఏడెనిమిది పాళ్లు తక్కువే.

మరి ఆ తక్కువ మనకెందుకు తెలియదు? వేలికి ఆక్సీమీటర్ పెట్టుకుంటే ఊళ్లో చూపించినట్టే ఇక్కడా 97, 98 ఎందుకు చూపిస్తుంది? జవాబు కావాలంటే గాలి వెంట మనమూ లోపలికి వెళ్లాలి.

గాలిని లోపలికి లాగేది ఎవరు?

ఊపిరితిత్తులు కాదు. గాలి లాగే కండరం వాటిలో లేదు. పని చేసేది వాటి కింద, ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న ఉదరవితానం. డాక్టర్లు దీన్నే డయాఫ్రం అంటారు. అది బిగుసుకుంటే కిందికి దిగి చదునవుతుంది. అదే సమయంలో పక్కటెముకల మధ్య కండరాలు ఎముకలను పైకీ బయటికీ ఎత్తుతాయి. ఛాతీలో జాగా పెరుగుతుంది, లోపలి పీడనం బయటి గాలి కంటే ఒక్క మిల్లీమీటరు పాదరసం పాటి తగ్గుతుంది. అంత చిన్న తేడా చాలు, అర లీటరు గాలి దానంతటదే లోపలికి వచ్చేస్తుంది. వదలడానికి మామూలుగా ఏ కండరమూ కష్టపడనక్కర్లేదు. సాగిన ఊపిరితిత్తులు తమ సహజ గుణంతో ముడుచుకుంటాయి, గాలి బయటికి పోతుంది.

ఛాతీ విప్పారితే ఊపిరితిత్తులు ఎందుకు విప్పారాలి? రెండింటినీ ఏ తాడుతోనూ కట్టలేదు కదా. ఊపిరితిత్తుల మీద ఒక పలచని పొర, ఛాతీ గోడకు లోపల మరో పొర ఉంటాయి. ఆ రెంటి మధ్యా చెంచాలకు మించని ద్రవం ఉంటుంది. మామూలుగా ఊపిరి తీసేటప్పుడు ఆ సందులో పీడనం బయటి గాలి కంటే తక్కువే. అందుకే ఊపిరితిత్తి ఛాతీ గోడను విడవలేదు. ఏ ప్రమాదంలోనో ఛాతీకి చిల్లు పడి ఆ సందులోకి గాలి చేరితే ఆ పక్క ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

ఈ ప్రమాదాన్నే ఒకప్పుడు వైద్యంగా వాడారు. మందులు లేని రోజుల్లో, ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లానీని 1882లో చేసిన సూచన మీద, టీబీ రోగి పక్కటెముకల మధ్య సూది గుచ్చి కావాలనే గాలి ఎక్కించేవారు. పుండు పడ్డ ఊపిరితిత్తి ముడుచుకుంటే దానికి విశ్రాంతి దొరికి మానుతుందని ఆశ. ఎక్కించిన గాలి కొన్నాళ్లకు ఒంట్లోకి ఇంకిపోతుంది, మళ్లీ సూది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. టీబీ రోగులను ఉంచే శానిటోరియం అంటే చల్లగాలిలో మంచం వేసుకుని పడుకోవడమే అనుకుంటాం గానీ, అక్కడున్నవాళ్లు పడిన బాధ తక్కువది కాదు.

పీల్చిన అర లీటరూ పనికొస్తుందా?

రాదు. అందులో 150 మిల్లీలీటర్ల వరకూ ముక్కు, గొంతు, వాయునాళం, దాని కొమ్మల్లోనే నిలబడిపోయి, వదిలేటప్పుడు అలాగే వెనక్కి పోతుంది. అసలు చోటికి చేరేది 350. అక్కడ అప్పటికే దాదాపు రెండున్నర లీటర్ల పాత గాలి ఉంటుంది. ఎంత గట్టిగా ఊదినా లీటరుకు పైగా గాలి లోపలే మిగులుతుంది. కొత్త గాలి ఆ పాతదానిలో కలుస్తుందే తప్ప దాన్ని పూర్తిగా తోసెయ్యదు. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ నిజానికి మేలు. ఒక్కో ఊపిరికీ రక్తంలో ఆక్సిజన్ ఎగిరిపడకుండా నిలకడగా ఉండేది ఈ నిల్వ వల్లే.

దారి గురించి ఒక ముచ్చట చెప్పాలి. వాయునాళం రెండుగా చీలే చోట కుడి కొమ్మ వెడల్పుగా, దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది. ఎడమ పక్క గుండె ఉన్నందున ఆ కొమ్మ సన్నగా, ఏటవాలుగా పోతుంది. సీతాఫలాల కాలంలో అనంతగిరి దారిలో గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గర పండు కొని, కార్లోనే పిల్లలకు తినిపిస్తుంటారు. నోట్లో గింజ ఉండగా పిల్లవాడు నవ్వినా, ఏడ్చినా, బండి గుంతలో పడినా గింజ పొలమారి ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోకే జారుతుంది. మొదట విపరీతమైన దగ్గు వచ్చి, కాసేపటికి ఆగిపోతుంది. ‘‘తగ్గిపోయింది’’ అనుకుంటారు. గింజ మాత్రం లోపలే ఉంటుంది. వారం పది రోజులకు జ్వరం, పిల్లికూతలు. డాక్టరు బ్రాంకోస్కోపు గొట్టం దింపి తీయాల్సిందే. పల్లీ గింజతోనూ ఇదే కథ.

గాలీ రక్తమూ ఎక్కడ కలుస్తాయి?

ఎక్కడా కలవవు. పక్కపక్కకు వస్తాయి, అంతే. వాయునాళం కొమ్మలు రెమ్మలుగా సుమారు 23 సార్లు చీలిన తర్వాత వాయుగోణులు వస్తాయి. ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు ఉండే గాలి బుడగ. మనిషికి ఇవి 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. అన్నిటి గోడలనూ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు, అంటే ఏడు వందల యాభై చదరపు అడుగులు. తాండూరు రెండడుగుల బండలతో లెక్క వేస్తే, దాదాపు 190 బండలు పట్టే నేల మన ఛాతీలో మడిచిపెట్టి ఉందన్నమాట. మందం మాత్రం బండతో పోల్చడానికి వీల్లేదు. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ అర మైక్రాను, అంటే అంగుళం బండ మందంలో యాభై వేలో వంతు.

గోడ ఇంత పలచగా, ఇంత విశాలంగా ఎందుకుండాలి? ఆక్సిజన్‌ను రక్తంలోకి మోసే యంత్రం ఏదీ లేదు కాబట్టి. అది ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తాను పోతుంది. దీన్నే వ్యాపనం అంటారు. ఊపిరితిత్తులే ఆక్సిజన్‌ను పట్టి రక్తంలోకి తోస్తాయని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా నమ్మారు. డెన్మార్క్‌కు చెందిన క్రిస్టియన్ బోర్ వారిలో ఒకరు. అణువు నిర్మాణం చెప్పిన నీల్స్ బోర్‌కు ఈయన తండ్రి. బోర్ శిష్యుడు ఆగస్ట్ క్రోగ్, భార్య మేరీతో కలిసి ప్రయోగాలు చేసి, 1910లో గురువు చెప్పింది తప్పని, వ్యాపనమొక్కటే చాలునని తేల్చాడు. గురువును కాదనడం ఏ దేశంలోనైనా ఇబ్బందే.

లెక్క ఇలా ఉంటుంది. వాయుగోణి గాలిలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మిల్లీమీటర్లు, ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తంలో 40. అందుకే ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 45, గాలిలో 40. అది రక్తం నుంచి గాలిలోకి వస్తుంది. తేడా ఐదే అయినా ఇబ్బంది లేదు, ఆ వాయువు ఈ గోడను ఆక్సిజన్ కంటే ఇరవై రెట్లు సులువుగా దాటగలదు. ఎర్ర రక్తకణం వాయుగోణి పక్కన ఉండేది సెకనులో ముప్పావు వంతు. పని మాత్రం మొదటి పావు సెకనులోనే అయిపోతుంది. మిగిలిన అర సెకను అదనపు గడువు. ఈ గడువును గుర్తు పెట్టుకోండి, తాండూరు దగ్గర దీనితో పని పడుతుంది.

ఇప్పుడు ఆక్సీమీటర్ సంగతి. ఆక్సిజన్ నీళ్లలో పెద్దగా కరగదు. లీటరు రక్తపు నీటిలో 3 మిల్లీలీటర్లు కరిగితే ఎక్కువ. హీమోగ్లోబిన్ ఉంది కాబట్టి అదే లీటరు రక్తం 200 మిల్లీలీటర్లు మోస్తుంది. ఒక్కో హీమోగ్లోబిన్ అణువుకు నాలుగు ఆక్సిజన్లు పడతాయి. దీని గుణం ఏమిటంటే, పీడనం 100 ఉన్నా 90 ఉన్నా దాదాపు నిండే ఉంటుంది. 60కి పడిపోయినా నూటికి 90 పాళ్లు నిండుతుంది. ఆ తర్వాతే జారుడు మొదలవుతుంది. అనంతగిరి ఎత్తులో వాయుగోణిలో పీడనం 90కి దరిదాపుల్లో ఉంటుంది గనక ఆక్సీమీటర్ అంకె కదలదు. ఇక్కడ తగ్గిన కాస్తా మనకు తెలియకపోవడానికి కారణం ఇదే. ఎక్కువ ఉన్నా పెద్ద లాభం ఉండకపోవడానికీ కారణం ఇదే, నిండిన కుండలో ఇంకెంత పడుతుంది?

గుట్ట ఎక్కితే దమ్ము ఎందుకొస్తుంది?

ఆక్సిజన్ చాలకనే అంటారు అందరూ. ఆరోగ్యవంతుడిలో అది కాదు కారణం. నడిచే కాళ్ల కండరాలు కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువ తయారు చేస్తాయి. రక్తంలోకి వచ్చాక అందులో పదింట ఏడు వంతులు ఎర్ర కణాల సాయంతో బైకార్బనేట్‌గా మారి ప్రయాణిస్తాయి. మిగిలిన మూడు వంతుల్లో కొంత హీమోగ్లోబిన్‌కు అంటుకుని, కొంత కరిగి వస్తుంది. ఈ మార్పుల్లో ఆమ్ల గుణం పుడుతుంది. మెదడు అడుగున, మెడకు పైన ఉండే మజ్జాముఖం ఆ ఆమ్లాన్ని పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి చాలు. గట్టిగా పరుగెత్తితే వంద లీటర్లు దాటొచ్చు. శ్రమ పడేటప్పుడు ఆమ్లం ఒక్కటే కాదు, కదిలే కండరాల నుంచి వచ్చే కబురూ పనిచేస్తుంది. అందుకే మెట్టు మీద కాలు పెట్టీ పెట్టగానే ఊపిరి మారుతుంది.

ఊపిరిని నడిపేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడేనని 1905లో నిరూపించింది జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్లీ. హాల్డేన్ తన కొడుకును చిన్నప్పుడే బొగ్గు గనుల్లోకి వెంటబెట్టుకుపోయి గాలి పరీక్షలు చేసేవాడు. ఆ కొడుకే జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో భారతదేశం వచ్చి ఇక్కడే స్థిరపడి, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఊపిరి గుట్టు విప్పినవాడి కొడుకు చివరికి మన తెలుగు పిల్లలకు పాఠమయ్యాడు.

ఊపిరిని నడిపేది కార్బన్ డయాక్సైడే అన్న సంగతిలో ఒక హెచ్చరిక కూడా ఉంది. బావిలో, చెరువులో ఎక్కువసేపు మునిగి ఉండాలని కుర్రాళ్లు ముందుగా గబగబా పది పదిహేను ఊపిర్లు తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెరగదు, నిండిన హీమోగ్లోబిన్ నిండే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కొట్టుకుపోతుంది. నీళ్లలో ఉండగా ‘ఊపిరి తీసుకో’ అని మెదడు చెప్పేలోపే ఆక్సిజన్ అయిపోయి స్పృహ తప్పుతుంది. గజ ఈతగాళ్లు కూడా ఇలా పోయారు. పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

మరి టీబీ దవాఖానను ఈ గుట్ట మీదే ఎందుకు కట్టారు?

నిజాం కాలంలో అనంతగిరి మీద క్షయ రోగుల కోసం శానిటోరియం వెలిసింది. వికారాబాద్ చుట్టుపక్కల పాతవాళ్లకు ‘గుట్ట మీది టీబీ దవాఖాన’ అంటేనే తెలుస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లోనే ఇలాంటిది మొదలైంది. ఈ ఆలోచన 1850లలో జర్మన్ వైద్యుడు హెర్మన్ బ్రెమర్‌ది. కొండ ఎత్తు, చల్లగాలి, మంచి తిండి, విశ్రాంతి ఉంటే క్షయ మానుతుందని ఆయన నమ్మకం. మందు లేని కాలంలో ఇంతకంటే దిక్కు లేదు. రోగిని ఇంటి జనానికి దూరంగా ఉంచడం ఇంకో లాభం.

క్షయ క్రిమికి ఆక్సిజన్ అంటే ప్రాణం. నిలబడి ఉన్నప్పుడు ఊపిరితిత్తుల పై భాగానికి రక్తం తక్కువగా చేరుతుంది. అక్కడికి వచ్చిన ఆక్సిజన్‌ను పట్టుకుపోయే రక్తం తక్కువ కాబట్టి పై కొనలో దాని పీడనం 130 దాకా ఉంటుంది, అడుగున 90లోపే. పెద్దవాళ్లలో టీబీ మచ్చ ఎక్స్‌రేలో తరచూ కాలర్ ఎముక దగ్గర, పైకొనలో కనిపించడానికి ఒక ముఖ్య కారణంగా దీన్ని చెబుతారు. అంటే, గాలిలో ఆక్సిజన్ నిజంగానే ఎక్కువైతే క్రిమికే విందు!

కొండగాలి లెక్కను తేల్చింది మద్రాసు. 1956లో అక్కడ మొదలైన టీబీ కీమోథెరపీ సెంటరులో రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానిటోరియంలో మంచి తిండి, మంచి గాలి, విశ్రాంతితో ఉంటే, రెండో గుంపు మద్రాసు ఇరుకు ఇళ్లలోనే ఉండి పనులు చేసుకుంటూ అవే మందులు మింగింది. 1959లో ఫలితం బయటికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా పెరగలేదు. ప్రపంచమంతటా శానిటోరియంలు ఖాళీ అవడానికి ఈ పరీక్ష పెద్ద కారణం. గెలిచింది మందు, గుట్ట కాదు.

అయితే గుట్ట గాలిలో ఏమీ లేదా?

లేకపోవడమే దాని గొప్ప. అక్కడ దుమ్ము తక్కువ. ఇది అర్థం కావాలంటే నలభై కిలోమీటర్లు పడమరగా తాండూరు పోవాలి.

తాండూరు నాపరాయి మన ఇళ్ల నేలల కింద, ప్లాట్‌ఫారాల మీద, బడి వరండాల్లో పరుచుకుని ఉంది. గనిలో తీసిన బండను పాలిష్ యూనిట్‌లో నీళ్లు పోస్తూ కోస్తారు, రుద్దుతారు. కోసేటప్పుడు తెల్లటి బురద కారుతుంది. తడిగా ఉన్నంతసేపు అది ఎవరి ఊపిరితిత్తులకూ ఏమీ చెయ్యదు. దాన్ని రోడ్డు పక్కన కుప్ప పోసి, అది ఎండి, దాని మీదుగా లారీ పోతేనే ముప్పు. నీళ్లు లేకుండా కోసే చోట, అంచులు కొట్టే చోట మనిషి కనుబొమలు, కనురెప్పలు కూడా తెల్లబడి ఉంటాయి. ఆ కనిపించే దుమ్ము అంత ప్రమాదం కాదు. పది మైక్రాన్ల కంటే పెద్దవి ముక్కు దగ్గరే ఆగిపోతాయి. ఇంకాస్త చిన్నవి శ్వాసనాళాల జిగటకు అంటుకుంటాయి. అక్కడి సన్నని శైలికలు ఆ జిగటను ఎడతెగకుండా పైకి నెడుతుంటాయి, మనం తెమడగా దగ్గి ఉమ్మేస్తాం. బీడీ పొగ మొదట చేసే చెరుపు ఈ శైలికలను చచ్చుబరచడం. బీడీ తాగేవాళ్లు పొద్దున్నే గంటసేపు ఎందుకు దగ్గుతారో దీనితో తెలిసిపోతుంది.

కంటికి కనిపించని రెండు మూడు మైక్రాన్ల లోపు రేణువులు నేరుగా వాయుగోణికి చేరతాయి. అక్కడ శైలికలు లేవు. భక్షక కణాలు వాటిని మింగి శుభ్రం చేస్తాయి. రేణువు సిలికా అయితే, మింగిన కణమే చచ్చిపోతుంది. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఈ గొడవలో చుట్టూ మచ్చ కట్టి అర మైక్రాను గోడ దళసరి అవుతుంది. ఇదే సిలికోసిస్. సున్నపురాయి జాతి కాబట్టి నాపరాయిలో సిలికా గ్రానైట్‌లో కంటే తక్కువే, అలాగని అసలు లేకపోలేదు.

ఇప్పుడు ఆ అర సెకను గడువు గుర్తు చేసుకోండి. గోడ దళసరైతే ఆక్సిజన్ దాటడానికి ఎక్కువ సమయం కావాలి. కూర్చున్నప్పుడు ఆ గడువుతో సర్దుకుంటుంది. నడిస్తే గుండె వేగం పెరిగి రక్తం త్వరగా దాటిపోతుంది, గడువు కరిగిపోతుంది, నిండని రక్తమే ఒంట్లోకి వెళ్తుంది. ‘‘కూసుంటే మంచిగనే ఉంటది సారూ, నాలుగడుగులేస్తే దమ్మొస్తది’’ అనే మాటకు అర్థం ఇది. అందుకే ఇలాంటివాళ్లకు కూర్చోబెట్టి ఆక్సీమీటర్ పెట్టడం దండగ, ఆరు నిమిషాలు నడిపించి పెట్టాలి. కట్టిన మచ్చ మళ్లీ కరగదు. సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తిలో టీబీ పుట్టే అవకాశం కూడా మామూలువాళ్లలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ చచ్చిన భక్షక కణాలే క్షయ క్రిమిని పట్టాల్సిన కాపలాదార్లు మరి.

మూతికి కట్టుకున్న రుమాలు ఈ సన్నని దుమ్మును ఆపదు. కోసే చోట ఆగకుండా నీళ్లు పారడం, బురదను ఎండకముందే ఎత్తెయ్యడం, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్-95 మాస్కు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే. యూనిట్ నడిపేవాళ్లు ఈ నాలుగూ చేస్తే చాలావరకు గట్టెక్కినట్టే. ఇక రాతి పనిలో ఉన్నవాళ్లు గానీ, వాళ్లింట్లో ఎవరైనా గానీ, దగ్గు రెండు వారాలు దాటితే గుట్ట గాలి కోసం చూడకండి. దగ్గరలోని సర్కారు దవాఖానకు వెళ్లి తెమడ పరీక్ష చేయించుకోండి. పరీక్షకూ పైసా అక్కర్లేదు, టీబీ అని తేలితే మందులకూ పైసా అక్కర్లేదు. డాక్టరుకు మీరు చేసే పని రాతి పని అని ముందే చెప్పండి.